సింధియా దిగేవాళ్లు

విశాఖలో కాన్వెంట్ జంక్షన్ దాటి, పోర్టు పక్కనుంచి మల్కాపురం మీదుగా గాజువాక వెళ్లే బస్సెక్కితే, దారిలో కండక్టరు "సింధియా, సింధియా... దిగేవాళ్లు ముందుకి రండి" అని అరుస్తాడు. నేను పుట్టి పెరిగింది ఆ స్టాపుకి పది నిమిషాల నడక దూరంలో. ఆ మధ్య బస్సులో పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడు, "గ్వాలియర్ రాజులకి ఇక్కడేం పని అండీ?" అని అడిగాడు. ఫోనులో వెతికితే వాళ్ల ఫొటోలే వచ్చాయట.

సంబంధం ఉంది గానీ, బాగా చుట్టు తిరిగి రావాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గ్వాలియర్ మహారాజు సింధియా ఒక పాత ప్రయాణికుల ఓడని కొన్నారు. అప్పటికి దాని పేరు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా, కెనడియన్ పసిఫిక్ వాళ్లది. గాయపడిన సైనికుల కోసం దాన్ని ఆసుపత్రి ఓడగా మార్చి 'లాయల్టీ' అని పేరు పెట్టారు. యుద్ధం అయిపోయాక దాన్ని బొంబాయి వ్యాపారులు కొన్నారు. ఓడతో పాటు రాజుగారి ఇంటిపేరు కూడా కొత్త కంపెనీకి వచ్చేసింది: సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది. ఏటా ఏప్రిల్ 5న మనం జాతీయ నౌకా దినోత్సవం చేసుకోవడానికి కారణం ఆ ప్రయాణమే. ఓడ మాత్రం పెద్దగా కలిసి రాలేదు. నాలుగేళ్లు తిరక్కుండానే తుక్కుకి వెళ్లింది.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పేలోపు నా స్టాపు వచ్చింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. కుటుంబ వ్యాపారాల గురించి మనవాళ్లు చెప్పే ఒక మాట మీద నాకు ఎప్పటినుంచో కోపం ఉంది. అది కూడా ఈ పనిలో పనిగా తీర్చుకుంటాను.

ఆ మాట అందరికీ తెలిసిందే. తాత కూడబెడతాడు, తండ్రి కాపాడతాడు, మనవడు తగలేస్తాడు. పెళ్లిళ్లలో, పెద్ద కర్మల్లో, దివాలా తీసిన ఏ ఇంటి గురించి మాట్లాడినా చివరికి ఇక్కడికే వస్తారు. తప్పంతా మూడో తరం కుర్రాడి విలాసాల మీదకి తోసేస్తే లెక్క తేలిపోతుంది, ఇంక ఎవరూ పుస్తకాలు తెరవక్కర్లేదు. సింధియా కథ ఈ మాటకి అస్సలు లొంగదు.

కంపెనీ పెట్టినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. వాల్‌చంద్ హీరాచంద్ షోలాపూర్ జైన కుటుంబంవాడు, రైల్వే కాంట్రాక్టులు చేసినవాడు. రెండోవాడు నరోత్తమ్ మొరార్జీ, బొంబాయి బట్టల మిల్లుల కుటుంబం. నరోత్తమ్ తండ్రి మొరార్జీ గోకుల్‌దాస్ 1871లో పెట్టిన మిల్లు డబ్బే ఒక రకంగా సముద్రంలోకి దిగింది. కంపెనీకి వాటాదారులు వేలమంది. నడిపేది మాత్రం నరోత్తమ్ మొరార్జీ అండ్ కంపెనీ అనే మేనేజింగ్ ఏజెన్సీ. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలన్నీ ఇలాగే నడిచేవి. డబ్బు ఊరందరిదీ, పెత్తనం ఒక ఇంటిదీ, పనికి కమీషనూ. 1970లో ప్రభుత్వం ఆ పద్ధతినే రద్దు చేసేదాకా ఇదే లెక్క. కాబట్టి సింధియా కుటుంబ కంపెనీయా కాదా అని ఎవరైనా వాదనకి దిగితే, సగం అవును, సగం కాదు.

వాళ్ల మొదటి ఇరవై ఏళ్లూ తెల్ల కంపెనీలతో పోరాటమే. మన తీరంలో అప్పుడు ఏకఛత్రంగా ఏలింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్. కాకినాడ నుంచి, భీమిలి నుంచి, విశాఖ నుంచి, కళింగపట్నం నుంచి మన కూలీలు రంగూన్ వెళ్లింది వాళ్ల ఓడల డెక్కు మీదే. బర్మావాళ్లు తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు, తాళ్లరేవు పక్కన ఉన్న మన కోరంగి రేవు పేరు మీద. అంతకుముందు తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడలు నడిపితే, ఆయన్ని దెబ్బతీయడానికి ఆ కంపెనీ టికెట్ ఊరికే ఇచ్చి, పైన గొడుగు కూడా ఇచ్చిందని చెప్పుకుంటారు. సింధియాతో చేసిన యుద్ధం మాత్రం ఇంకా నేర్పుగా చేశారు. సరుకు రవాణా రేట్లు పడగొట్టడం ఒకటి. రెండోది, వర్తకుడు కట్టిన కిరాయిలో కొంత శాతం కొన్ని నెలల తర్వాత వెనక్కి ఇస్తామనడం. షరతు ఏంటంటే ఈలోపు ఒక్క బస్తా కూడా వేరే కంపెనీ ఓడలో వేయకూడదు, వేస్తే మొత్తం పోతుంది. దేశభక్తి ఎంత ఉన్నా, తన డబ్బు ఇంకొకడి గల్లాపెట్టెలో ఉండిపోయిన వర్తకుడు ఏం చేస్తాడు?

1923లో సింధియా రాజీపడింది. బ్రిటిష్ ఇండియా అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ వర్గంతో పదేళ్ల ఒప్పందం. తీరం వెంబడి సరుకు మాత్రమే మోసుకోవాలి, ప్రయాణికుల జోలికి పోకూడదు, విదేశీ మార్గాల్లోకి రాకూడదు. చాలామంది దీన్ని లొంగుబాటుగా రాస్తారు. నాకైతే మొత్తం చరిత్రలో వాళ్లు తీసుకున్న అత్యంత తెలివైన వ్యాపార నిర్ణయం ఇదే అనిపిస్తుంది. ఊపిరి నిలబెట్టుకున్నారు. 1929లో నరోత్తమ్ పోయాక వాల్‌చంద్ ఛైర్మన్ అయ్యి 1950 దాకా ఉన్నాడు. ఓడలు నడపడంతో ఆగలేదు, కడతానన్నాడు. కలకత్తాలో అనువైన స్థలం దొరక్క విశాఖ వచ్చారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది, యార్డు పని ఆగింది. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలైంది.

మా తాత అక్కడికి వచ్చింది అప్పుడే, 1946లో, అనకాపల్లి దగ్గర పల్లె నుంచి, పద్దెనిమిదేళ్ల వయసులో. పని రివెట్లు కాల్చడం. చిన్న కొలిమి, పట్టకారు. ఎర్రగా కాలిన రివెట్‌ని విసిరితే పైనున్నవాడు డబ్బాలో పట్టుకోవాలి, అది చల్లారేలోపు ఇంకొకడు సుత్తితో రేకులకి బిగించాలి. "ఎరుపు తగ్గితే మేస్త్రీ తిట్టేవోడు, తెలుపెక్కితే ఇంకా తిట్టేవోడు" అనేవాడు. ముంజేతుల మీద మినప గింజలంత నల్ల మచ్చలు చచ్చేదాకా ఉండిపోయాయి. చిన్నప్పుడు నేను వాటిని లెక్కపెట్టేవాణ్ని, ఎప్పుడూ ఒకే లెక్క వచ్చేది కాదు.

1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జల ఉషని నీళ్లలోకి వదిలారు. ఎనిమిది వేల టన్నుల ఓడ, స్వతంత్ర భారతంలో నీళ్లు తాకిన మొదటి పెద్ద ఓడ. తాతకి నెహ్రూ కనపడలేదు. ఆ టైములో ఓడ కింద దుంగల మధ్య ఉన్నాడు, మేకులు, చీలలు కొట్టేవాళ్లకి అందిస్తూ. జారుడు దిమ్మ మీద పూసిన కొవ్వు వాసన గురించి చెప్పేవాడు, ఓడ కదిలేముందు దుంగలు మూలిగిన చప్పుడు గురించి చెప్పేవాడు. ప్రసంగం గురించి అడిగితే "ఏదో చెప్పుంటాడు, పెద్దమనిషి కదా" అనేవాడు.

నాలుగేళ్లకే యార్డు చేయి మారింది. బ్రిటన్‌లో కట్టే ధరకి ఇక్కడ ఓడ కట్టడం కుదరలేదు, తేడా ఎవరు భరించాలన్నది తేలలేదు. 1952లో ప్రభుత్వం మూడింట రెండొంతుల వాటా తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ అని పేరు పెట్టింది, 1961లో మిగతాది కూడా తీసుకుంది. తాత అందులోనే రిటైరయ్యాడు. కానీ ఆయన నోట హిందుస్థాన్ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. జీతం ఇచ్చేది గవర్నమెంటు కదా అంటే, "ఇస్తే ఇచ్చింది, కంపెనీ సింధియాదే" అనేవాడు. ఊరు కూడా అలాగే అంది. అందుకే స్టాపుకి ఆ పేరు.

ఇప్పుడు మూడో తరం సంగతి. నరోత్తమ్ కొడుకు శాంతికుమార్. కానీ ఓడల పగ్గాలు పట్టి లాగింది కొడుకు కంటే ఎక్కువగా కోడలు. పుట్టింటి పేరు జమున, అత్తింట్లో సుమతి. చిన్న వయసులోనే పెళ్లి. మావగారి ఆఫీసులో కాగితాలు చూడటంతో మొదలుపెట్టి, 1946 నాటికి ఆరువేలమంది పనిచేసే కంపెనీ వ్యవహారాలు మొత్తం ఆమె చేతిలో ఉన్నాయి. 1956లో భారత ఓడల యజమానుల సంఘానికి అధ్యక్షురాలైంది. గాంధీగారికి దగ్గర మనిషి. ఆగాఖాన్ జైలు నుంచి విడుదలయ్యాక ఆయన జుహూలో కోలుకున్నది ఈ దంపతుల ఇంట్లోనే. 1971లో పద్మవిభూషణ్. ఆమె హయాంలో కంపెనీకి 43 ఓడలు ఉండేవి.

ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. 1965లో ఒక ముసలి స్వామి ఆమె దగ్గరికి వచ్చి అమెరికా వెళ్లడానికి ఓడ టికెట్ అడిగాడు. డెబ్బై ఏళ్లకి దగ్గర పడ్డావు, దారిలో పోతావేమో అని ఆమె ముందు ఒప్పుకోలేదు. ఆయన వదల్లేదు. చివరికి సింధియా వాళ్ల సరుకు ఓడ జలదూతలో ఊరికే ఎక్కించుకున్నారు. ఆగస్టు 13న కలకత్తాలో ఎక్కి, దారిలో గుండెనొప్పి తట్టుకుని, సెప్టెంబరులో అమెరికాలో దిగాడు. ఆయనే ఇస్కాన్ స్థాపించిన భక్తివేదాంత స్వామి. సింధియా ఓడల్లో వెళ్లిన టన్నుల కొద్దీ సరుకుల్లో ఏదీ ఈరోజు మిగల్లేదు. డబ్బు తీసుకోకుండా ఎక్కించిన ఆ ఒక్క ప్రయాణికుడి ఫలితం మాత్రం ప్రతి ఊళ్లోనూ కనపడుతుంది.

సరే, ఇంత సమర్థురాలైన మనిషి చేతిలో కంపెనీ ఎందుకు మునిగింది? విలాసాలా? ఆ మాటే లేదు. తెలివి తక్కువా? అదీ కాదు. 1979 నుంచి 1987 దాకా ఆమె ఛైర్‌పర్సన్. 1987లో అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1998లో ఆమె పోయారు.

దీనికి అందరూ చెప్పే జవాబు "ప్రభుత్వం చంపేసింది" అని. అందులో నిజం లేకపోలేదు. యార్డు తీసుకున్నారు. ఈస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్‌ని మొదట సింధియా చేతే నడిపించి, 1956లో పూర్తిగా తీసేసుకున్నారు. 1961లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పెట్టి, సర్కారు డబ్బుతో పోటీకి దిగారు. స్వతంత్రం కోసం తెల్ల కంపెనీలతో కొట్లాడినవాళ్లకి స్వతంత్రం వచ్చాక దక్కింది ఇది. వాల్‌చంద్ విమానాల ఫ్యాక్టరీనైతే అంతకుముందే, 1942లో, తెల్ల ప్రభుత్వమే తీసేసుకుంది. నాకూ బాధే.

కానీ అదే బొంబాయిలో, అదే ప్రభుత్వం కింద, 1948లో ఇంకో రెండు కుటుంబాలు, షేఠ్‌లు, భివాండీవాలాలు, జగ్ విజయ్ అనే ఒక్క సెకండ్‌హ్యాండ్ ఓడతో గ్రేట్ ఈస్టర్న్ షిప్పింగ్ మొదలుపెట్టారు. అది ఈరోజుకీ బతికే ఉంది, షేఠ్ కుటుంబమే నడుపుతోంది. మధ్యలో అన్నదమ్ముల పిల్లల మధ్య పంపకాలు కూడా జరిగాయి. పంపకంలో విడిపోయిన ముక్క తర్వాత చేతులు మారిపోయింది గానీ అసలు కంపెనీ నిలబడింది. ప్రభుత్వమే కారణమైతే ఇద్దరూ పోవాలి కదా?

తేడా వాళ్లు ఓడని చూసిన చూపులో ఉంది. గ్రేట్ ఈస్టర్న్ వాళ్లకి ఓడ ఒక సరుకు. ధర పడినప్పుడు కొంటారు, పెరిగినప్పుడు అమ్ముతారు, మధ్యలో తిప్పి కిరాయి తీసుకుంటారు. మన పశువుల సంతలో బేరగాడు ఎద్దుని చూసినట్టు చూస్తారు, పళ్లు, గిట్టలు, నడక. ఆ ఎద్దుకి పేరు పెట్టి బొట్టు పెట్టేది రైతు. సింధియా ఓడని చూసింది ఆ రైతులాగ. దాదాపు ప్రతి ఓడ పేరుకీ 'జల' అని ముందుండేది. జల ఉష, జల ప్రభ, జలదూత. ఓడ వాళ్లకి జెండా. జెండాని ఎవరైనా మంచి రేటు వచ్చిందని అమ్ముతారా?

పైగా వాళ్లు నడిపింది లైనర్ సర్వీసులు. అంటే బస్సులాగ, నిండినా నిండకపోయినా ఫలానా రోజుకి ఫలానా రేవు నుంచి బయల్దేరాలి. గోతాలు, పెట్టెలు, పీపాలు కలిపి ఎక్కించే ఓడలు. రేవులో ఎక్కించడానికీ దించడానికీ రోజుల తరబడి పడుతుంది. అరవైల్లో, డెబ్బైల్లో కంటైనర్ వచ్చి ఈ వ్యాపారం నడుం విరిచింది. సరుకంతా ఇనప పెట్టెలో పెట్టి క్రేనుతో ఎత్తేస్తే ఓడ ఒకటి రెండు రోజుల్లో రేవు వదిలి పోతుంది. పాత ఓడలున్నవాడి ముందు రెండే దారులు. ఉన్నవి ఉన్న ధరకి అమ్మేసి పెద్ద పెట్టుబడితో కంటైనర్లలోకి దూకడం, లేదా ఆ వ్యాపారం నుంచే తప్పుకుని వేరే రకం ఓడలకి పోవడం. ఎనభైల్లో ప్రపంచమంతా కిరాయిలు కుప్పకూలాక ఆ రెండు దారులూ మూసుకుపోయాయి.

డెన్మార్క్‌లో మెర్స్క్ అనే ఓడల కంపెనీని నడిపే మొల్లర్ కుటుంబం కూడా ఇలాంటి లైనర్ ఓడలతోనే ఉండేది. కంటైనర్లలోకి ఆలస్యంగానే వచ్చారు, మొదటి సొంత కంటైనర్ ఓడ 1975లో. కానీ వచ్చాక వెనక్కి చూడలేదు. అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. 1953లోనే, అంటే వాల్‌చంద్ పోయిన ఏడాదే, పెద్దాయన ఏ.పీ. మొల్లర్ ఒక ఫౌండేషన్ పెట్టి కంపెనీ మీద పట్టు దాని చేతికి ఇచ్చాడు. వారసులు పంచుకుని అమ్ముకునే వీల్లేకుండా చేశాడు. తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవరాలు ఫౌండేషన్ ఛైర్మన్ గిరీలో, 2022 నుంచి ముని మనవడు కంపెనీ ఛైర్మన్‌గా. నాలుగో తరం. ఏం తగలేశాడు పాపం?

ఈ గోలంతా నాకెందుకు పట్టిందో ఇప్పుడు చెప్పాలి.

తాత రిటైరైనప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బుతో నాన్న ఒక లారీ కొన్నాడు. పది టన్నుల ఓపెన్ బాడీ. పోర్టు నుంచి ఎరువు, బొగ్గు, ఏది దొరికితే అది. నాలుగేళ్లకి రెండోది. మొదటి లారీ కేబిన్ మీద చెక్క పలకకి ఎర్ర అక్షరాలతో 'శ్రీ పైడితల్లి అమ్మవారు' అని రాయించాడు. లెక్కలు రాసేది అమ్మ. డీజిల్, టైర్లు, డ్రైవర్ బత్తా, చెక్‌పోస్టు మామూళ్లు, అన్నీ పొడుగాటి నోటుబుక్కులో. ఏ ట్రిప్పులో ఎంత మిగిలిందో, ఏ డ్రైవరు డీజిల్ తాగేస్తున్నాడో నాన్న కంటే ఆవిడకే బాగా తెలుసు. అయినా ఫైనాన్స్ వాళ్లు ఇంటికొస్తే నాన్న "లోపలికెళ్లి టీ పెట్టు" అనేవాడు. అమ్మ టీ పెట్టి, గుమ్మం పక్కన నిలబడి, వాళ్లు వడ్డీ లెక్క తప్పు చెప్తే లోపలినుంచే సరిదిద్దేది. బొంబాయిలో ఒక కోడలు నలభై మూడు ఓడలు నడిపిన రోజులకి ఇరవై ఏళ్ల తర్వాత సంగతి ఇది. మూడో తరం మీద నింద వేసే పెద్దమనుషులు ఈ గుమ్మం పక్కన మనిషి గురించి ఎప్పుడూ మాట్లాడరు.

2003లో విశాఖలో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. అమ్మ ఆ ఏడాది దసరాకే చెప్పింది, పాత బండి అమ్మేసి ట్రైలర్‌కి డౌన్ పేమెంట్ కడదామని. అప్పటికి ఇంకా మంచి రేటే వస్తుంది. నాన్న ఒప్పుకోలేదు. "మీ మావయ్య చేతులు కాల్చుకున్న డబ్బు అది. దాన్నెలా అమ్ముతాం?" అన్నాడు. ఆ మాటకి తిరుగు చెప్పడం కష్టం. అమ్మ చెప్పింది కూడా: "కాలింది చేతులు, లారీ కాదు కదండీ." నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

బండి ఇంకో మూడేళ్లు తిరిగింది, తిరిగినన్నాళ్లూ తినేసింది. ఒక వాయిదా తప్పినందుకు ఫైనాన్స్ వాళ్లు రెండో లారీని, అంటే బాగున్నదాన్ని, అనకాపల్లి దగ్గర రోడ్డు మీదే ఆపి తీసుకుపోయారు. కనీసం లోడు దించుకోనివ్వలేదు. అంటే పాతదాన్ని బతికించడానికి కొత్తదాన్ని చంపుకున్నాం.

అందుకే సుమతిగారిని నేను తేలిగ్గా తప్పుపట్టలేను. ఎనిమిదేళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఆమె ఏం ఆలోచించేవారో నాకు తెలీదు. కానీ మావగారి పోరాటం, గాంధీ, స్వదేశీ, ఏప్రిల్ 5, ఇవన్నీ ఒక్కో ఓడ మీద ఎక్కి కూర్చుంటే దాని ధర కట్టడం ఎవరికైనా కష్టమే. తాతలు డబ్బుతో పాటు తమ కథని కూడా ఇచ్చిపోతారు. అప్పులవాడికి కథతో పని లేదు. ఆ రెంటినీ విడదీసి చూడగలిగిన మనిషి ఇంట్లో ఒకరుంటే చాలు. అలాంటి మనిషి మా ఇంట్లో ఉంది. టీ పెడుతోంది.

బొంబాయిలో బాలార్డ్ ఎస్టేట్‌లో సింధియా హౌస్ ఇప్పటికీ ఉంది. ఒకసారి పనిమీద వెళ్లినప్పుడు చూశాను. లోపల ఇన్‌కంటాక్స్ ఆఫీసు. నేను గేటు దగ్గర నిలబడి ఫొటో తీసుకుంటుంటే సెక్యూరిటీ అతను వచ్చి ఏం కేసు అని అడిగాడు. ఏం లేదు, మా ఊళ్లో బస్సు స్టాపు పేరు ఇదే అన్నాను. నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

మా పాత లారీ 2006లో ఆటోనగర్‌లో తుక్కుకి వెళ్లింది. నాన్న రానన్నాడు, నేనూ అమ్మా వెళ్లాం. పాతసామాన్లవాడు టోకున ఒక అంకె చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. కాటా వేయించింది, బ్యాటరీ వేరు, టైర్లు వేరు, డీజిల్ ట్యాంకు వేరు అని ఒక్కొక్కటీ బేరమాడింది. గంటన్నర పట్టింది. చివరికి వాడు చెప్పినదానికి పదకొండు వేలు ఎక్కువ వచ్చింది. నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు గీసింది. పైడితల్లి పలక మాత్రం ఇవ్వనంది. స్క్రూలు తుప్పు పట్టి రాలేదు, ఆ కుర్రాళ్లే ఉలి పెట్టి ఊడదీశారు.

పలక ఇప్పుడు మా బాల్కనీలో గోడకి ఆనించి ఉంది. ఎండకి ఎరుపు వెలిసిపోయింది. దాని ముందు కరివేపాకు కుండీ పెట్టుకుంది అమ్మ.